పదిహేడో నంబరు బిళ్ళ

ముందే ఒక మాట చెప్పేస్తాను. దయ్యాలు, గాలీ ధూళీ అంటే నాకు భయం లేదు, చిరాకు. మా కేజీఎఫ్‌లో బంగారు గనులు మూతబడిన దగ్గర్నుంచి ఇలాంటి కథలకు కరువు లేదు. మూసేసిన షాఫ్టు దగ్గర అమావాస్యనాడు సైరన్ మోగిందని ఒకరు, మట్టిదిబ్బల మీద ఎవరో టార్చి పట్టుకుని నడిచారని ఒకరు. చెప్పేవాళ్ళెవరూ సొంత కళ్ళతో చూసి ఉండరు. ఎవరి బావమరిదో చూసి ఉంటాడు. అలా మొదలుపెట్టిన వాళ్ళని నేను సగంలోనే ఆపి, "సరేగానీ, ఆ బావమరిది ఆ రోజు ఎంత తాగినాడు?" అని అడిగే రకం. ముక్కు మీద కోపం అని మా ఇంట్లో నాకు పేరు.

అలాంటి నేను ఇప్పుడు కూర్చుని ఇది రాస్తున్నాను. తలుచుకుంటే నాకే నవ్వొస్తోంది. కానీ జరిగింది మిట్టమధ్యాహ్నం, ట్యూబులైటు వెలుగులో, పాత సామాన్లు కొనే మనిషి ఎదురుగా. నేను తాగి లేను. కలగనలేదు.

మాది ఆండర్సన్‌పేటలో చిన్న ఫోటో స్టూడియో. పెళ్ళిళ్ళు, చెవులు కుట్టడాలు, గృహప్రవేశాలు తీస్తాం. మా ఆయన క్యామెరా భుజాన వేసుకుని ఊళ్ళు తిరుగుతారు. నేను స్టూడియోలో కంప్యూటర్ ముందు కూర్చుని, ఆయన తెచ్చిందంతా కత్తిరించి, అతికించి, పాటలు పెట్టి, వీడియో తయారుచేస్తాను. నా పుట్టిల్లు మాలూరు తాలూకా లక్కూరు. బీఎస్సీ చదివి ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. వంటకంటే ముందు ఎడిటింగే నేర్చుకున్నాను. వంట ఇప్పటికీ అంతంతమాత్రమే.

మా మామ పేరు మునిరత్నం. గనిలో పనిచేశారు. కిందికి దిగే పని కాదు, ల్యాంప్ రూములో పని. గనిలోకి దిగే ప్రతి మనిషీ ముందు ఆయన కిటికీ దగ్గరికి రావాలి. తన నంబరు ఉన్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి, టోపీకి పెట్టుకునే దీపం తీసుకోవాలి. మామ ఆ బిళ్ళను గోడ మీది పలకకు, అదే నంబరు మేకుకు తగిలించేవారు. మనిషి పైకొచ్చి దీపం తిరిగి ఇచ్చాకే ఆ బిళ్ళ మేకు దిగుతుంది. షిఫ్టు అయిపోయాక పలక మీద ఒక్క బిళ్ళ మిగిలినా సరే, ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. అతను తేలేదాకా మామ కదలడానికి వీల్లేదు. గని మూతబడేదాకా ఆయన చేసింది ఆ ఒక్క ఉద్యోగమే.

గని పోయాక కొన్నాళ్ళు ఇంట్లో దిగాలుగా కూర్చున్నారు. తర్వాత కొడుకు వెంట పెళ్ళిళ్ళకు వెళ్ళి వీడియో లైటు పట్టుకోవడం మొదలుపెట్టారు. "యాడికి పోయినా నాకు దీపం పనేనమ్మా రాసిపెట్టింది" అని నవ్వేవారు. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో స్టూడియోలో నా వెనకాల స్టూలు వేసుకుని కూర్చునేవారు. ఉక్కబోతగా ఉంటే విసనకర్రతో ఆయన విసురుకుంటూ, ఒక విసురు నాకు కూడా పంపేవారు.

ఇప్పుడు మా పాత కంప్యూటర్ డబ్బా సంగతి చెప్పాలి. అది లేకపోతే ఈ కథే లేదు.

పెళ్ళి వీడియో అంటే బండెడు సరుకు. ఒక్కో పెళ్ళికి ఒక్కో హార్డ్ డిస్క్ నిండిపోతుంది. ప్రతిసారీ కంప్యూటర్ ఆపి, మూత విప్పి, ఒకటి తీసి ఇంకొకటి పెట్టాలంటే తల ప్రాణం తోకకొచ్చేది. అందుకని మా ఆయన బెంగళూరు నుంచి ఒక ర్యాక్ తెచ్చి మా పాత కంప్యూటర్‌లో బిగించారు. ముందువైపు నాలుగు అరలు. ఒక్కో అరకు చిన్న తలుపు, తాళం, ఒక పచ్చ లైటు. తలుపు తెరిచి డిస్క్‌ని లోపలికి తోసి మూసేస్తే చాలు, కంప్యూటర్ నడుస్తుండగానే అది పనిచేయడం మొదలుపెడుతుంది. తీసేటప్పుడు కూడా అంతే. కాకపోతే తీసేముందు తెర మీద బటను నొక్కి దానికి సెలవివ్వాలి, లోపల తిరుగుడు ఆగేదాకా ఒక నిమిషం ఆగాలి.

ఆ ఒక్క నిమిషం ఆగడమే నా వల్ల కాలేదు. ఒకరోజు తొందరలో, డిస్క్‌లోకి ఇంకా కాపీ అవుతుండగానే తలుపు తెరిచి లాగేశాను. రాబర్ట్‌సన్‌పేట వాళ్ళ నామకరణం వీడియో అందులో సగం పోయింది. బిడ్డ చెవిలో పేరు చెప్పే ఘట్టం మొత్తం పోయింది. వాళ్ళు వచ్చి నన్ను తిట్టారు, నేను తిరిగి మా ఆయన్ని తిట్టాను. మామ మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. అంతా సద్దుమణిగాక స్టూలు నా పక్కకు జరుపుకుని అడిగారు.

"అమ్మా లలితా, ఆ చెవిలో చెప్పిన పేరు ఇంగ యాడా లేదా?"

"లేదు మామా. పోయింది."

 మర్నాడు పొద్దున్నే ఆయన లేచి, స్టీలు సామాన్ల మీద పేర్లు చెక్కే మనిషి దగ్గరికి వెళ్ళి, ఇత్తడి రేకుతో నలభై బిళ్ళలు చేయించుకొచ్చారు. ఒకటి నుంచి నలభై దాకా నంబర్లు. మా దగ్గర ఉన్న డిస్కులు నలభై. ఒక చెక్క పలకకు నలభై మేకులు కొట్టి, కంప్యూటర్ పైన గోడకు బిగించారు. ఉన్నది నాలుగు అరలు, కొట్టినవి నలభై మేకులు. మా ఆయన పడీపడీ నవ్వారు.

పద్ధతి ఏమిటంటే, డిస్క్ లోపలికి వెళ్ళగానే దాని నంబరు బిళ్ళ మేకెక్కాలి. తీసేటప్పుడు ముందు తెర మీద సెలవివ్వాలి. తర్వాత తలుపు మీద అరచెయ్యి పెట్టి, లోపలి వణుకు పూర్తిగా ఆగేదాకా ఉండాలి. ఆ తర్వాతే డిస్క్ బయటికి, బిళ్ళ కిందికి. దిగిన బిళ్ళలన్నీ మామ గనికి తీసుకెళ్ళిన పాత టిఫిన్ డబ్బాలో ఉండేవి. ఏడాదికోసారి ఆయుధపూజకు ముందు వాటన్నిటినీ చింతపండుతో తోమి తళతళలాడించేవారు. రోజూ సాయంత్రం షట్టర్ దించేముందు పలక వైపు చూసి అడిగేవారు.

"అందరూ పైకొచ్చినారా?"

"మామా, అవి హార్డ్ డిస్కులు. మైనింగ్ మేస్త్రీలు కాదు" అని ఎగతాళి చేసేదాన్ని.

"దాంట్లో ఎవరో ఒకరు ఉండారు గదమ్మా" అనేవారు.

నేను తల కొట్టుకునేదాన్ని. కానీ ఒప్పుకోవాలి, ఆ తర్వాత మా స్టూడియోలో ఎవరి వీడియో పోలేదు. ఒక్క వారం తప్ప ఆ లెక్క ఏ సాయంత్రమూ తప్పలేదు. ఆ వారం మామకు కంటిపొర ఆపరేషన్ అయింది. దాని గురించి తర్వాత చెప్తాను.

రెండేళ్ళ కిందట మామ పోయారు. పొద్దున కాఫీ తాగి, పేపర్లో పెద్దక్షరాలు చదివి, కాస్త నడుం వాలుస్తానన్నారు. అంతే, మళ్ళీ లేవలేదు. నేను ఏడవలేదని చుట్టాలు చెవులు కొరుక్కున్నారు. పదకొండో రోజు స్టూడియో తెరిచి ఆ స్టూలు చూసి, షట్టర్ సగం దించుకుని, ఎవరూ రాకుండా చూసుకుని ఏడ్చాను. అప్పుడే ఇంకో సంగతి తట్టింది. అంతమంది పెళ్ళిళ్ళు తీసిన ఇంట్లో మామ వీడియో ఒక్కటి లేదు. లైటు పట్టుకునే మనిషి క్యామెరాలో పడడు. గొంతు పడినా, నేను పాట పెట్టి దాన్ని తీసేసి ఉంటాను. రా ఫుటేజీ, అంటే క్యామెరాలో పడింది పడినట్టుగా ఉండే వీడియో, ఆరు నెలలు దాటితే చెరిపేసి ఆ డిస్క్ మళ్ళీ వాడేస్తాం. అందరూ చేసేదే. ఆయన గొంతు మాకు మిగల్లేదు.

ఆ రోజే బిళ్ళలన్నీ తీసేశాను. ఈ మాట కొంచెం గుర్తుపెట్టుకోండి. టిఫిన్ డబ్బాలోంచి ఒక్కోటీ తీసి, ఏ డిస్క్‌లో ఏ పెళ్ళి ఉందో మామ రాసుకున్న నోటుపుస్తకంలో ఒక్కో నంబరుకూ టిక్కు పెట్టుకుంటూ, కరెంటు తీగకు గుచ్చాను. నలభై టిక్కులు, నలభై బిళ్ళలు. తీగ రెండు కొసలూ కటింగ్ ప్లేయర్‌తో మెలితిప్పి, డబ్బాలో పెట్టి, డబ్బాను బీరువా మీదికి ఎక్కించాను. పలక ఖాళీగా గోడకే ఉండిపోయింది. అది కనబడితే గుండె బరువెక్కుతోందని దాని మీద పెద్ద క్యాలెండరు తగిలించాను. కొత్త కంప్యూటర్ వచ్చింది, దానికీ అలాంటి అరలే. పాతది ఆ పలక కిందే, గుడ్డ కప్పుకుని పడి ఉంది.

ఇంగ అసలు కథ.

పోయిన వేసవిలో, మామిడికాయల రోజుల్లో, గౌనిపల్లి నుంచి ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పేరు మంజుల. ముప్పై, ముప్పై రెండు ఉంటాయి. పాలకేంద్రంలో పనిచేస్తుందట. కూతురు భూమిక, పదేళ్ళ పిల్ల. సంచీలోంచి పెళ్ళి డీవీడీ తీసి బల్ల మీద పెట్టింది. మేమే తీసిన పెళ్ళి. డబ్బా మీద అట్ట నేను చేసిందే.

మంజుల భర్త నాగరాజు పెళ్ళయిన ఏడాదిలోపే బైకు ప్రమాదంలో పోయాడు. అప్పటికి భూమిక కడుపులో ఉంది. అతని ఫోను కూడా ఆ ప్రమాదంలోనే నుజ్జయిపోయింది. వాళ్ళకు మిగిలింది ఈ డీవీడీ ఒక్కటే. అందులో బంతి భోజనాల దగ్గర నాగరాజు నవ్వుతూ ఏదో మాట్లాడతాడు. రెండు నిమిషాలు ఉంటుంది. ఏం మాట్లాడాడో మంజులకు గుర్తులేదట. పెళ్ళికూతురు తల దించుకుని ఉంది, పైగా చుట్టూ గోల.

ఆ పిల్ల బల్ల అంచు పట్టుకుని నన్ను అడిగింది. కొంచెం ముక్కుతో మాట్లాడుతోంది, జలుబు చేసిందేమో అనుకున్నాను.

"ఆంటీ, నాయన మాట్లాడేటప్పుడంతా పాట వస్తాది. ఆ పాట తీసేస్తే నాయన మాట వినపడతాది గదా?"

 ఆ పాట పెట్టింది నేనే. బంతి భోజనాలంటే నేను ఎప్పుడూ పెట్టే పాట అది. ఒకసారి అలా కలిపేశాక విడదీయడం కుదరదు, కింద ఉన్న మాటను నేను అప్పుడే తీసేశాను. రా ఫుటేజీ ఉంటే తప్ప ఆ గొంతు ఎక్కడా లేదు.

మామ నోటుపుస్తకం తీసి చూశాను. గౌనిపల్లి పెళ్ళి, పదిహేడో నంబరు డిస్క్. చెరిపేసిన ప్రతి పెళ్ళినీ నేను ఎర్రపెన్నుతో కొట్టేస్తాను. ఇది కొట్టెయ్యలేదు. నాకు ప్రాణం లేచివచ్చింది. "ఉండాది, కూర్చోండి" అని వాళ్ళని కూర్చోబెట్టి అలమర తెరిచాను. పదహారు ఉంది, పద్దెనిమిది ఉంది. పదిహేడు లేదు.

వాళ్ళను పంపించేసి నాలుగు రోజులు వెతికాను. అలమరలో ఉన్న ప్రతి డిస్కూ పెట్టి చూశాను. అట్టపెట్టెలు, బీరువా కింద, అటక మీద, ఇంట్లో పాత సూట్‌కేసులు. మా ఆయన మీద అరిచాను. పాడైన డిస్కులు కొన్ని మధ్యలో పారేశాం, వాటితో పోయి ఉంటుందన్నారు ఆయన. చివరికి నేనే మంజులకు ఫోన్ చేశాను. దొరకలేదమ్మా అన్నాను.  "పోనీలే అక్కా, మీరు మాత్రం ఏం చేస్తారు" అంది. వెనకాల నుంచి ఆ పిల్ల "దొరికిందా?" అని అడగడం వినపడింది. ఫోన్ పెట్టేసి ఆ రోజంతా అన్నం తినలేదు.

మరో నాలుగు రోజులకు పాత సామాన్ల మనిషి వచ్చాడు. మారికుప్పం వైపు నుంచి వస్తాడు, తమిళం కలిపిన తెలుగు. మా ఆయన ఆ రోజు ముళబాగిలు దగ్గర పెళ్ళికి వెళ్ళి ఉన్నారు. పాత కంప్యూటర్ ఇచ్చేద్దామని ముందే అనుకున్నాం, ఆ ర్యాక్‌తో సహా. పాడైపోయిన ప్రింటరు, వైర్లు అన్నీ గుమ్మం దగ్గర పెట్టాను. మధ్యాహ్నం రెండు గంటల వేళ. అతను కంప్యూటర్ మీది గుడ్డ తీసి, రెండు చేతులా ఎత్తి పొట్టకు ఆనించుకున్నాడు. క్యాలెండరు కింద చెక్క అంచు కనబడినట్టుంది.

"అక్కా, అంద పలక కూడా ఇస్తావా? పొయ్యిలోకి అవుతాది."

నాకు ఒళ్ళు మండింది. పొయ్యిలోకా! ఒంటికాలి మీద లేవబోయి, మళ్ళీ ఏమనుకున్నానో, ఇంక దేనికి ఇదంతా దాచడం అనిపించింది. కావలసిన ఆ ఒక్క డిస్కునీ కాపాడలేకపోయాం. తీసుకుపో అని చెప్పి, క్యాలెండరు తీశాను.

పలక మీద ఒక బిళ్ళ వేలాడుతోంది.

క్యాలెండరు దారం ఏ మేకుకు ఉందో అదే మేకుకు, దారానికి వెనకాల ఉంది. పదిహేడు. అప్పుడే చింతపండుతో తోమినట్టు తళతళ మెరుస్తోంది. దారం తీసిన కుదుపుకు అటూ ఇటూ ఊగి ఆగింది.

 భయం కాదు. భయమైతే నేను బయటికి పరుగెత్తేదాన్ని. ఇన్నేళ్ళు ప్రతి సాయంత్రం విన్న లెక్క ఒక్కసారిగా నెత్తికెక్కింది, అంతే. పలక మీద బిళ్ళ ఉందంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడు. అతను కంప్యూటర్‌తో గుమ్మం దాటుతున్నాడు. నోట్లోంచి మాట దానంతట అదే వచ్చేసింది.

"ఆగప్పా! దించు! లోపల ఒకరుండారు!"

పాపం ఆ మనిషి బెదిరిపోయాడు. కంప్యూటర్‌ని నేల మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేసి, వంగి దాని సందుల్లోంచి లోపలికి తొంగిచూశాడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

నేను నేల మీదే కూర్చుని అరలు తెరిచాను. మొదటిది ఖాళీ. రెండు, మూడు కూడా ఖాళీ. నాలుగో అర తలుపు మీద పాత ప్లాస్టరు అంటించి ఉంది. దాన్ని చూశాక అంతా గుర్తొచ్చింది.

ముందు చెప్పాను కదా, మామ కంటి ఆపరేషన్ అయిన వారం. ఆ వారం నేను గౌనిపల్లి పెళ్ళిని పెళ్ళికూతురి వాళ్ళ కోసం ఇంకో కాపీ తీస్తున్నాను. నాలుగో అరలో డిస్క్ ఉంది. ఉన్నట్టుండి దాని పచ్చ లైటు ఆరిపోయింది, తెర మీద కూడా మాయమైంది. మా ఆయన అమ్మినవాళ్ళకు ఫోన్ చేస్తే, ఆ అర కాలిపోయినట్టుంది, దాన్ని వాడొద్దన్నారు. ఆయన తాళం వేసి ప్లాస్టరు అంటించారు. నేను డిస్క్ తీసేసి ఉంటానని ఆయన అనుకున్నారు. లైటు లేదు కాబట్టి ఆయన తీసేశారని నేను అనుకున్నాను. సాయంత్రం ఇంటికి వెళ్ళే తొందరలో పలక మీది బిళ్ళలన్నీ గుప్పిట్లోకి లాగి డబ్బాలో పడేశాను. పదిహేడు కూడా. అరచెయ్యి పెట్టలేదు, తలుపు తెరిచి చూడలేదు.

వారం తర్వాత మామ కంటికి నల్లద్దాలతో స్టూడియోకి వచ్చారు. వచ్చీ రాగానే అడిగిన మొదటి మాట అదే. అందరూ పైకొచ్చినారా అని. నేను తెర మీంచి తల కూడా తిప్పకుండా, "ఓ, అందరూ వచ్చేసినారు మామా" అన్నాను. ఆయన నా మాట నమ్మి స్టూలు మీద కూర్చున్నారు.

తాళంచెవి ఎప్పుడో పోయింది. స్క్రూడ్రైవర్‌తో తలుపు పెకిలించాను. లోపల దుమ్ము పట్టి, మామ వంకర అక్షరాలతో పదిహేడు అని రాసిన డిస్క్ ఉంది. పదకొండేళ్ళు అక్కడే ఉంది. సామాన్ల మనిషి నా ముఖం చూసి, "అళాదీంగక్కా, ఏడవొద్దు" అని, ప్రింటరు కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

అప్పుడు బీరువా మీది టిఫిన్ డబ్బా దించాను. మూత మీద రెండేళ్ళ దుమ్ము అలాగే ఉంది. తీగ మెలిక నేను తిప్పింది తిప్పినట్టే ఉంది. బిళ్ళలు లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిది. అన్నీ నల్లబడి ఉన్నాయి. నోటుపుస్తకంలో పదిహేడు పక్కన నేను పెట్టిన టిక్కు ఉంది. స్టూడియో తాళాలు నా దగ్గర ఒకటి, మా ఆయన దగ్గర ఒకటి. ఆయన రాత్రికి వచ్చాక అడిగితే, మా బిడ్డ మీద ఒట్టేసి తనకు తెలీదన్నారు. ఆ క్యాలెండరు జనవరిలో నేనే మార్చాను. అప్పుడు ఆ మేకుకు ఏమీ లేదు. ఉంటే నాకు కనబడేది, దారం తగిలించింది దానికే కదా.

ఆ సాయంత్రమే మంజులకు ఫోన్ చేశాను. డిస్క్ దొరికింది, ఆడుతుందో లేదో తెలీదు, రేపు రండి అన్నాను. నేను ముందే పెట్టి చూసి ఉండొచ్చు. చేతులు రాలేదు. ఆ పిల్లకంటే ముందు నేను వినకూడదు అనిపించింది.

మర్నాడు మొదటి బస్సుకే వచ్చేశారు. ఆ పిల్ల తలంటుకుని, పరికిణీ జాకెట్టు వేసుకుని, పూలు పెట్టుకుని వచ్చింది, ఎవరింటికో పేరంటానికి వచ్చినట్టు. డిస్క్‌ని కొత్త కంప్యూటర్ అరలోకి తోసి తలుపు మూశాను. పదిహేడో బిళ్ళను భూమిక చేతికిచ్చి పలక మీద తగిలించమన్నాను. మునివేళ్ళ మీద లేచి తగిలించింది. లోపల ఒకటి రెండు సార్లు కటకటమంది.  తర్వాత మెల్లగా తిరగడం మొదలైంది. పచ్చ లైటు వెలిగింది.

బంతి భోజనాల దగ్గరికి జరిపాను. పాట లేదు. గిన్నెల చప్పుడు, ఎవరో పులుసు కోసం హుళి, హుళి అని కేకలు. మధ్యలో ఆకు ముందు కూర్చున్న నాగరాజు. తలెత్తి, క్యామెరా కేసి కాదు, దాని పక్కకు చూసి నవ్వాడు. మాట్లాడాడు.

"తాతా, ఇంగ ఎంతసేపు నిలబడుకోనుంటావు? చెయ్యి నొయ్యదా? ఆ లైటు దించి నా పక్కన కూర్చో, రా."

క్యామెరాకు ఇవతల నుంచి, బాగా దగ్గరగా, జవాబు వచ్చింది.

"మీరంతా తిని లేసినాకనే అప్పా నేను దీపం దించేది. నువ్వు తిను."

మామ గొంతు. ఆ చివర్లో చిన్న దగ్గుతో సహా. నేను కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. కళ్ళలో నీళ్ళు ఎప్పుడొచ్చాయో తెలీదు, ఈసారి ఎవరు చూస్తున్నారో కూడా చూసుకోలేదు.

నాగరాజు పెద్దగా నవ్వి, తన ఆకులోని ఒబ్బట్టు ఒకటి తీసి అంచున పెట్టాడు. "ఇది నీకే తాతా. మర్చిపోవద్దు" అన్నాడు. పక్కన తల దించుకున్న మంజుల కూడా నవ్వింది. అక్కడితో ఆ ముక్క అయిపోయింది.

 మంజుల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భూమిక తెరకేసి చూస్తూనే ఉంది. తర్వాత వాళ్ళమ్మ వైపు తిరిగింది.

"అమ్మా, నాయన ముక్కుతో మాట్లాడతాడు! నా మాదిరే!"

దానికి జలుబు కాదు, గొంతే అంత. బళ్ళో పిల్లలు ఆ గొంతును వెక్కిరిస్తారని, క్లాసులో నోరు విప్పదని మంజుల తర్వాత చెప్పింది. ఆ పూట మాత్రం ఆ పిల్ల నోరు మూయలేదు. ఇంకోసారి పెట్టాంటీ, ఇంకోసారి పెట్టు అని పదకొండు సార్లు పెట్టించింది. చివరికి తండ్రితోపాటు తనూ ఆ మాటలన్నీ అదే గొంతుతో చెప్పేసింది. "ఇది నీకే తాతా. మర్చిపోవద్దు" అని ఆ పిల్ల అన్నప్పుడు నేను వెనక్కి తిరిగి స్టూలు కేసి చూశాను. ఏమీ లేదు. ఉంటుందని కాదు, ఊరికే చూశాను.

వాళ్ళకు కావలసినన్ని కాపీలు చేసిచ్చాను. మాకోసం ఒకటి ఉంచుకున్నాను.

ఒకటి మాత్రం తర్వాత తట్టింది. ఆ రోజు నేను సరిగ్గా లెక్క చూసి డిస్క్ తీసి ఉంటే, ఆరు నెలల తర్వాత నేనే దాన్ని చెరిపేసి ఉండేదాన్ని. నా తప్పు వల్లే అది మిగిలింది. దీన్ని ఏమనుకోవాలో నాకు తెలీదు.

బిళ్ళ సంగతి కూడా తెలీదు. మెలిక విప్పకుండా తీగలోంచి అది ఎలా వచ్చిందో, నేను తగిలించిన దారం వెనకాలకు ఎలా చేరిందో, ఎవరు తోమారో నేను చెప్పలేను. గుచ్చేటప్పుడే ఒకటి మర్చిపోయి ఉంటావు అంటారు మా ఆయన. అయి ఉండొచ్చు. అయితే ఆ టిక్కు? ఆ మెరుపు?  ఇప్పటికీ ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే నాకు చిరాకే. కాకపోతే బావమరిది ఎంత తాగినాడని ఇప్పుడు అడగడం లేదు.

ఆ సాయంత్రం వాళ్ళు బస్సుకు బయల్దేరబోతుంటే, తెర మీద డిస్క్‌కి సెలవిచ్చి, తలుపు మీద అరచెయ్యి పెట్టాను. భూమిక కూడా వచ్చి నా చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టింది. వణుకు మెల్లగా సన్నబడి ఆగేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం. డిస్క్ తీశాను. బిళ్ళ ఆ పిల్లే దించింది. దాన్ని దాని పెన్సిలు డబ్బాలో వేసుకుపొమ్మన్నాను.

వాళ్ళు వెళ్ళాక షట్టర్ దించబోతూ ఆగాను. అరలు ఒక్కోటీ తెరిచి, చెయ్యి లోపలికి పెట్టి చూశాను. పలక మీద మేకులు నలభై లెక్కపెట్టాను. అన్నీ ఖాళీ. స్టూలు వైపు తిరిగి, "అందరూ పైకొచ్చేసినారు మామా" అన్నాను. ఈసారి చూసే చెప్పాను.